నాలుగు బుధవారాలు

"ఓ బైకు బాబూ! దిగు! కాటా మీంచి దిగు!"

ఆ కేక తన కోసమేనని మోహనకృష్ణకి తెలీలేదు. ఆటోనగర్‌లో ఆ మధ్యాహ్నం వాన కురవడం లేదు, లారీల్లోంచి అన్‌లోడ్ అవుతోంది. తల దాచుకోడానికి ఓ రేకుల షెడ్డు కనబడింది. బైకుని లోపలికి నడిపించి, హెల్మెట్ తీసి, తాపీగా జుట్టు విదిలించుకుంటున్నాడు. తను నించున్న ఇనప పలక లారీలు తూచే కాటా అనీ, దాని మీద అప్పటికే ఓ లారీ ఉందనీ, ఆ లారీ బరువులో తన బరువూ బైకు బరువూ కలిసిపోయాయనీ అతనికి తోచలేదు.

పక్క గది కిటికీలోంచి ఓ తల బయటికొచ్చింది. ఉంగరాల జుట్టు, మెడలో సన్న శిలువ గొలుసు, ముక్కు మీద ఎర్రటి కోపం.

"నిన్నే! రెండొందల పది కేజీలు ఎక్కువ సూపిత్తంది. ఆ డ్రైవరు నా పీక మీద కూకున్నాడు. లారీకి నువ్వేటి, సుట్టానివా?"

"వాన అండీ..."

"వానకి గొడుగేసుకుంటారు, కాటా ఏసుకోరు. నువ్వు దిగితే నాను తూకం రాసుకుంటాను."

"తూకం లారీదా, నాదా? ఇందాకట్నించీ లారీని వదిలేసి నన్నే చూస్తున్నారు."

కిటికీలో తల తటాల్న వెనక్కి వెళ్ళిపోయింది. లోపల ఏదో డబ్బా కిందపడ్డ చప్పుడు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మోహనకృష్ణ నవ్వుకుంటూ బైకు దింపుకుని వానలోకే వెళ్ళిపోయాడు. తడిసింది ఒంటి మీది చొక్కా, ఆరనిది మాత్రం మనసు.

కిటికీలో తల పేరు మైఖేల్. కాటా మీదికి ఏ లారీ ఎక్కినా కంటితోనే ఇంచుమించు బరువు చెప్పేస్తాడు. ఆ రోజు కాటా వేసేవాడికే కాటు పడింది.

* * *

రెండోసారి కలిసింది గాజువాకలో, ఓ మేడ మెట్ల మీద. కింద మిక్సీలు రిపేరు చేసే షాపు. పైన చిన్న క్లినిక్. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళూ, హిజ్రాలూ, లారీల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళూ బెదురు లేకుండా వచ్చి హెచ్‌ఐవీ టెస్టు చేయించుకునే చోటు. ఇద్దరూ సగం మెట్ల మీద ఎదురుపడి కొయ్యబారిపోయారు.

"మిక్సీ రిపేరుకొచ్చానండి" అన్నాడు మోహనకృష్ణ.

"నానూ మిక్సీకే" అన్నాడు మైఖేల్.

"మీ మిక్సీ ఏదీ?"

"ఇంటికాడుంది. మీదో?"

"నాదీ ఇంట్లోనే."

ఇద్దరి చేతుల్లోనూ టోకెన్లు ఉన్నాయి. మిక్సీ షాపులో టోకెన్లు ఇవ్వరు. ముందు మోహనకృష్ణ నవ్వాడు. తర్వాత మైఖేల్. తర్వాత కింద మిక్సీ షాపు యజమాని కూడా, ఎందుకో తెలీకుండానే.

విశాఖపట్నంలో ప్రేమకి ఓ గొప్ప సదుపాయం ఉంది. ఇక్కడ మగాళ్ళు మగాళ్ళని బావా అనే పిలుచుకుంటారు. టీ బడ్డీ దగ్గర బావ, సిటీ బస్సులో బావ, సిగ్నల్ దగ్గర బళ్ళు గుద్దుకుని తిట్టుకునేటప్పుడూ బావే. కాబట్టి ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి గుండెల్లోంచి బావా అని పిలిచినా, పక్కవాడు పకోడీ లోంచి తలెత్తడు. "మీరు" పది రోజుల్లో "నువ్వు" అయింది. "నువ్వు" ఇంకో పది రోజుల్లో "బావా" అయింది.

మోహనకృష్ణ స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటరు. తండ్రి గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే కన్నుమూశాడు. ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. బుధవారం ఆఫ్. ఆ బుధవారం మాత్రం మైఖేల్‌ది.

అలా కలిసి గడిపిన మొదటి బుధవారమే అప్పికొండ బీచిలో, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు మైఖేల్ గొంతు సవరించుకున్నాడు.

"బావా, నీకో మాట సెప్పాల. ఇన్నాక నువ్వెలిపోతే నాను ఏటీ అనుకోను."

"చెప్పు."

"నాకు హెచ్‌ఐవీ ఉంది. తెలిసి మూణ్ణెల్లయింది. మందులు ఏసుకుంటన్నాను. ఇంకా ముందుకెళ్ళకముందే నీకు..."

మోహనకృష్ణ దిగ్గున లేచి పరిగెత్తాడు.

మైఖేల్ తల దించుకున్నాడు. అనుకున్నదే. సంగతి తెలిసి సొంత అన్న అయితే కంచం వేరు పెట్టాడు, వీడు కాళ్ళకి పని పెట్టాడు. కళ్ళు తుడుచుకునేలోపు మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో మోహనకృష్ణ రొప్పుతూ తిరిగొచ్చి పక్కన కూలబడ్డాడు. చేతిలో చెప్పు.

"కెరటం లాక్కుపోయింది బావా. కొత్తవి. ఊఁ, ఇప్పుడు చెప్పు."

"నీ సెప్పు తగలెయ్యా! నువ్వు పారిపోయావనుకున్నాను."

"ఒంటి చెప్పుతో ఎక్కడికి పారిపోతాను?" మోహనకృష్ణ చేతిలో చెప్పు పక్కన పెట్టాడు. నవ్వు తగ్గించాడు. "భయం వేసింది. లేదంటే అబద్ధం. కానీ భయపడితే తెలుసుకోవాలి గానీ పారిపోతే ఎలా? రేపు మన మిక్సీ క్లినిక్‌కి ఇద్దరం వెళ్దాం."

క్లినిక్‌లో కౌన్సెలర్ అనూరాధ. కళ్ళద్దాల వెనక నుంచి మనిషిని సగం చూసి మిగతా సగం అడిగి తెలుసుకునే రకం.

"మైఖేల్ గారు మందులు సరిగ్గా వేసుకుంటున్నారు. వైరస్ తగ్గుతోంది. టెస్టులో కనబడనంతగా తగ్గి, ఆర్నెల్లు అలాగే నిలబడితే ఆయన నుంచి మీకు రాదు. అప్పటిదాకా మీకూ ఒక మాత్ర ఇస్తాం. ప్రెప్ అంటారు. రోగం తగ్గడానికి కాదు, రాకుండా."

"అంటే మందు కాదు, ముందు మందు."

"అదే. ముందు మీకు టెస్టులు. నెగెటివ్ అయితేనే ఇది. రోజుకి ఒకటి, ఏ రోజూ తప్పకుండా. ఇది ఉంది కదాని కండోమ్ మానకూడదు. నెల తిరిగాక ఒకసారి వచ్చి కనబడాలి, ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి. ఇంకో మాట. ఈ మాత్ర సీసాలో ఉన్నంతసేపూ ఏం చెయ్యదు. మీరు మింగినంతే పనిచేస్తుంది."

టెస్టులు బాగున్నాయి. గురువారం నాడు ముప్పై మాత్రల సీసా చేతికొచ్చింది. మెట్లు దిగుతుంటే మైఖేల్ చెయ్యి పట్టి ఆపాడు.

"నాను నిన్ను ఇంకేటీ అడగను బావా. ఈ ఒక్కటే. నాకొచ్చింది, నాను మోసుకుంటాను. నావల్ల నీకు ఒస్తే మాత్రం ఆ బరువు నాను మొయ్యలేను. రోజూ ఏసుకో."

"మాత్ర మాత్రం మానను. సరేనా?"

"ఏసుకున్నావా లేదా అని రోజూ అడగను. పోలీసోడిలా ఉంటాది."

"అడక్కు. నమ్ము."

* * *

ఆ నెల ఎంత బాగా గడిచిందంటే, క్యాలెండరు కూడా తేదీలు చింపుకోడానికి మొహమాటపడింది. బుధవారం వస్తే పొద్దున్నే బైకెక్కడం, సింహాచలం కొండ కింద వేడి ఇడ్లీ, మధ్యాహ్నం మైఖేల్ గదిలో చేపల పులుసు.

"ఇది పులుసా, పులుపా?" అని మోహనకృష్ణ.

"నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుంటే ఎలా తినడం?"

వాన పడితే ఒకే గొడుగు. గొడుగు చిన్నది కావడం వల్ల ఇద్దరికీ లాభం.

నెల తిరిగాక శనివారం, మళ్ళీ ఆ మేడ మెట్లు. మోహనకృష్ణ సంచిలోంచి సీసా తీసి, జేబులో ఫోన్ మోగుతుంటే, "ఒక్క నిమిషం పట్టుకో బావా" అని మైఖేల్ చేతికిచ్చాడు.

అదే పొరపాటైంది. ఆ చెయ్యి ఎలాంటిది? ఖాళీ లారీకీ, సగం లారీకీ తేడా నిద్రలో చెప్పగలిగిన మనిషి చెయ్యి. మైఖేల్ సీసాని అరచేతిలో ఒకసారి ఎగరేశాడు. మొహం మారింది. చెవి దగ్గర పెట్టి ఊపాడు. మూత తీశాడు.

లోపల నాలుగు మాత్రలు.

"ఇవేటి?"

మోహనకృష్ణ ఫోన్ దించాడు. "ఏవి?"

"ముప్పై రోజులకి ముప్పై మాత్రలు. ఇయ్యాల ముప్పై ఒకటో రోజు. ఖాళీగా ఉండాల. నాలుగున్నాయేటి?"

"అలా ఎలా ఉంటాయి? రోజూ వేసుకున్నాను. ఒట్టు!"

"మరయితే ఇయ్యేటి, సీసాలో పిల్లల్ని ఎట్టాయా?"

"బావా, నిజంగా. అమ్మ మీదొట్టు. నేను..."

"అమ్మని లాగకు." మైఖేల్ గొంతు పైకి లేవలేదు. లేస్తే బాగుండేది. "ఒక్కటడిగాను. ఒక్కటంటే ఒక్కటి. ఏసుకోలేదని సెప్పుంటే తిట్టి ఊరుకుందును. ఏసుకున్నానని మొకమ్మీద సెప్తన్నావు. నమ్మమన్నావు కదేటి, నమ్మాను."

సీసాని మెట్టు మీద పెట్టి దిగి వెళ్ళిపోయాడు.

మోహనకృష్ణ ఒక్కడే పైకి వెళ్ళాడు. రక్తం ఇచ్చాడు. టెస్టు నెగెటివే. ఆ మాట విని సంతోషించాల్సిన రెండో మనిషి లేకపోయేసరికి సంతోషం కూడా సగమే వచ్చింది.

"నేను అబద్ధం చెప్పలేదు మేడమ్. రోజూ వేసుకున్నట్టే గుర్తు. ఈ నాలుగు ఎక్కణ్ణించి వచ్చాయో నాకు నిజంగా తెలీదు."

"సీసా ఎక్కడ పెడతారు?"

"ప్లాంట్‌లో, నా లాకర్లో. ఇంట్లో పెడితే అమ్మ చూస్తుంది కదండీ. షిఫ్టుకి వెళ్ళి లాకర్లోంచి ప్లాంటు హెల్మెట్ తియ్యడం, మాత్ర వేసుకోవడం. హెల్మెట్ ఏనాడూ మర్చిపోలేదు, మాత్రా మర్చిపోలేదు."

"ఆఫ్ రోజున?"

"ఆఫ్ రోజున హెల్మెట్ ఎందుకండీ..."

అని ఆగిపోయాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నెలలో నాలుగు బుధవారాలు. పైగా ఆ నాలుగూ మైఖేల్‌తో గడిపిన రోజులు. పొద్దున్నే లేచి, అత్తరు రాసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, అన్నీ చేసుకుని, లాకర్లో మాత్రని లాకర్లోనే వదిలి వెళ్ళిన రోజులు.

"వారంలో ఒకటి తప్పినంత మాత్రాన కొంప మునగదు" అంది అనూరాధ. "కానీ ఒకటి రెండవుతుంది, రెండు మూడవుతాయి. షిఫ్టు వాళ్ళందరిదీ ఇదే తంతు. మందుని డ్యూటీకి కట్టేస్తే అదీ మీతోపాటు సెలవు పెడుతుంది. ఏ షిఫ్టయినా, ఆఫ్ అయినా మీరు తప్పకుండా చేసే పనేంటి?"

"నిద్ర లేవడం. పళ్ళు తోముకోవడం."

"అయితే సీసా బ్రష్షు పక్కన ఉండాలి."

"బ్రష్షు ఇంట్లో ఉంటుందండీ."

"అవును."

"ఇంట్లో అమ్మ ఉంటుందండీ."

అనూరాధ కొత్త సీసా బల్ల మీదకి జరిపింది.

ఫోన్ చేస్తే మైఖేల్ ఒకే ఒక్కసారి ఎత్తాడు. "నువ్వేటి సెప్పినా నమ్మాలనే ఉంది బావా. అందుకే ఇనను" అని పెట్టేశాడు.

* * *

మోహనకృష్ణ తల్లి గంగాభవానికి ఇంట్లో ఏ గరిట ఎటు తిరిగి ఉందో తెలుసు. బ్రష్షుల డబ్బా పక్కన కొత్త సీసా కనబడక ఎక్కడికి పోతుంది? మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి కేక వేసింది.

"ఏంట్రా ఇది? ఒంట్లో బాలేదా? నాకు చెప్పకుండా మందులేంట్రా?"

మోహనకృష్ణ వంటింటి గుమ్మంలో నించుని మొత్తం చెప్పాడు. మాత్ర గురించి మొదలుపెట్టి మైఖేల్ దగ్గరికి, మైఖేల్ దగ్గర్నుంచి తన దగ్గరికి. చెప్తున్నంతసేపూ ఆమె వంకాయలు తరుగుతూనే ఉంది. చెప్పడం అయిపోయింది, వంకాయలు కూడా అయిపోయాయి. ఆమె ఉత్త పీట మీద కత్తి ఆడిస్తూనే ఉంది.

"నీకు రోగం లేదు కదా?"

"లేదమ్మా. రాకుండానే ఇది."

"వెళ్ళు. డ్యూటీకి టైమవుతోంది."

రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైంది, లేదా కన్నీళ్ళు పడ్డాయి. మోహనకృష్ణ అడిగే ధైర్యం చెయ్యలేదు, అన్నం వదలనూ లేదు.

మూడోనాడు బుధవారం. బ్రష్షు నోట్లో పెట్టుకుని అద్దం ముందు నించుంటే, వెనక నుంచి ఓ చెయ్యి వచ్చింది. అందులో గ్లాసుడు నీళ్ళు.

"వేసుకున్నావా?"

"వేశుకుంతన్నానమ్మా" అన్నాడు నురగతో.

ఆమె ఎదురుగా నించుని, వాడు మింగేదాకా చూసి, తన బీపీ మాత్ర కూడా వేసుకుంది.

"నాకు అర్థమయ్యింది కొంత. అవ్వనిది చాలా ఉంది. అది మెల్లిగా అవుద్దిలే." గ్లాసు బోర్లించింది. "ఆ అబ్బాయికి ఎవరున్నారు?"

"అన్న ఉన్నా లేనట్టేనమ్మా. ఒక్కడే గదిలో."

"మరి అతను మందు వేసుకున్నాడో లేదో ఎవరు చూస్తారు?"

నెల రోజులూ మోహనకృష్ణ మాత్ర గురించే ఇద్దరి బెంగానూ. అవతలి మాత్రని ఎవరూ తలవలేదు.

"చొక్కా వేసుకో. ఆటో ఎక్కడ దొరుకుద్ది?" అంది గంగాభవాని చెంగు బిగించి.

* * *

పాత గాజువాకలో రెండో అంతస్తు గది. తలుపు తీసిన మైఖేల్ గెడ్డం ఐదు రోజులది, కళ్ళు నిద్రలేనివి. ఎదురుగా మోహనకృష్ణ, వాడి ముందు ఓ పెద్దావిడ.

"మా అమ్మ" అన్నాడు మోహనకృష్ణ.

మైఖేల్ వేసుకున్న బనీను మీద ఇంకో బనీను వేసేసుకున్నాడు, కంగారులో. "రండి... కూకోండమ్మా... గది బాలేదండి..."

"నేను గది చూడ్డానికి రాలేదు బాబూ. వీడు మాత్ర పొద్దున్న ఏడింటికి వేసుకున్నాడు. నా కళ్ళారా చూశాను. ఆ నాలుగు బుధవారాలూ ఎందుకు తప్పాయో వీడే చెప్తాడు. అబద్ధం కాదు, బుర్ర తక్కువ. అది పుట్టుకతోనే ఉంది."

మోహనకృష్ణ లాకరూ హెల్మెట్టూ అంతా చెప్పాడు. మైఖేల్ వింటూ వింటూ గోడకి ఆనుకున్నాడు. అబద్ధం కాదన్న మాటకి ముందు గుండె తేలికపడింది, వెంటనే మాట అన్నందుకు బరువెక్కింది.

"నాను నిన్ను అబద్ధాలకోరన్నాను బావా. తప్పయిపోనాది."

"అది సరే గానీ బాబూ," గంగాభవాని గదంతా ఓసారి చూసింది. కిటికీలో మందుల సీసా మీద సన్నగా దుమ్ము. "నీ మందు వేళ ఎప్పుడు?"

"రేత్రి తొమ్మిదికండి."

"నిన్న రాత్రి వేసుకున్నావా?"

మైఖేల్ నేల చూపులు చూశాడు. వీధిలో ఆటో ఒకటి స్టార్టు కాక గింజుకుంటోంది.

"నిన్నా, మొన్నా... ఏసుకోలేదండి. మనసు బాగోక."

"ఏంటీ?" మోహనకృష్ణ ఎగిరిపడ్డాడు. "నాలుగు మాత్రలకి నన్ను మెట్ల మీద వదిలేసి పోయావు! నాది ముందు మందు. నీది అసలు మందు! నువ్వు మానేస్తే ఏమవుతుందో తెలీదా నీకు? తెలిసి మానేస్తావా?"

"నువ్వు లేవుగా, ఎవడి కోసం ఏసుకోవాలనిపించింది."

"నీ కోసంరా! ముందు నీ కోసం. తర్వాత నా కోసం." మోహనకృష్ణ కిటికీలో సీసా తీసి దుమ్ము తుడిచాడు. "నావల్ల నీకేమన్నా అయితే ఆ బరువు నేనెలా మొయ్యాలి? క్రేన్ మీద రోజూ టన్నులు ఎత్తుతాను. అది ఎత్తలేను."

మైఖేల్ వచ్చి మోహనకృష్ణ చెయ్యి పట్టుకున్నాడు. పెద్దావిడ ఉందని గుర్తొచ్చి వదిలేశాడు. వదల్లేక మళ్ళీ పట్టుకున్నాడు.

గంగాభవాని స్టవ్వు దగ్గరికి నడిచింది. "టీ పొడి ఎక్కడ? ఆఁ, దొరికింది. తాగాక ముగ్గురం ఆ క్లినిక్ అమ్మాయి దగ్గరికి వెళ్దాం. రెండు రోజులు తప్పితే ఏం చెయ్యాలో ఆ అమ్మాయే చెప్తుంది. ఇక మీదట వీడిది నువ్వు అడుగు, నీది వీడు అడుగుతాడు. ఇద్దరూ మర్చిపోతే నేనున్నాను. పోలీసులా ఉంటాదని మొహమాటపడకండి. నేను పోలీసునే."

ఆమె అటు తిరిగి అల్లం దంచడం మొదలుపెట్టింది. కొంచెం అవసరమైన దానికంటే గట్టిగానే.

మోహనకృష్ణ దగ్గరికి జరిగాడు. "బావా."

"ఏటి?"

"నువ్వంటే నాకు ప్రేమ. ఇన్నాళ్ళూ చెప్పలేదు. సందర్భం రాలేదు."

"ఇదా సందర్భం? అమ్మగారున్నారు బావా!"

"నాకేం వినబట్టం లేదు" అంది గంగాభవాని, అల్లం మీంచి చూపు తిప్పకుండా. "నేను అల్లం దంచుతున్నాను."

మైఖేల్ చెవులు ఎర్రబడ్డాయి. గోడకేసి, నేలకేసి, కిటికీకేసి చూసి, చూడ్డానికి ఇంకేం మిగలక మోహనకృష్ణ కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు.

"నాకూ."

అల్లం దంచడం ఆగింది.

"ఏంటి బాబూ? సరిగా వినబడలేదు. గట్టిగా చెప్పు."

"నాకూనండీ!" అని మైఖేల్ అరిచిన అరుపుకి, వీధిలో అప్పటిదాకా గింజుకుంటున్న ఆటో ఠక్కున స్టార్టయింది.